కొత్త అధ్యాపకునికి పెద్దదిక్కు

ఏ పనిలోనైనా కొత్తవాని ప్రక్కన అనుభవం గలవాడు ఒకడు నిలిచి చెప్పడం మన దేశంలో తరతరాలుగా వస్తున్న ధర్మం. ఉద్దానంలో కొబ్బరిమొక్క నాటేవాడు ఇసుకనేలలో గొయ్యి ఎంత లోతు తీయవలెనో, మొదటి రెండు వేసవులు మొక్కకు నీడ ఎట్లు కట్టవలెనో తండ్రి వలననో పొరుగురైతు వలననో తెలుసుకొంటాడు. పలాస జీడిపప్పు కార్ఖానాలో కొత్తగా చేరిన ఆమె, పిక్క పగిలినప్పుడు పప్పు బద్దలు కాకుండా గుండుగా రావలెనన్నా, పెంకులోని జీడి చేతులను కాల్చకుండా ఉండవలెనన్నా, ఆ పనిలో ఆరితేరిన మరొకామె ప్రక్కన కూర్చుండి చూడవలసినదే. వేటకు పోయే పడవలో మొదటిసారి ఎక్కిన కుర్రవానికి వల ఇచ్చి సముద్రంలోనికి ఒంటరిగా పంపేవారు ఎవరూ ఉండరు.

కళాశాల అధ్యాపకుని విషయంలో మాత్రం మనం ఈ ధర్మాన్ని మరచినాము. ఎం.ఏ.లోనో ఎం.ఎస్సీ.లోనో మంచి మార్కులు, నెట్ లేక సెట్ పరీక్షలో ఉత్తీర్ణత, కొందరికి పరిశోధన పట్టం - ఇవి ఉన్నవి గనుక అతడు పాఠం చెప్పగలడని అనుకొంటున్నాము. బడిపంతులు కాదలచినవాడు బి.ఇడి. చదివి, పెద్దల ఎదుట అభ్యాస పాఠాలు చెప్పి రావలెను. డిగ్రీ కళాశాలలో చేరేవానికి అట్టి నియమం లేదు. చేరిన నాడు ప్రిన్సిపాలుగారు చేతికి టైంటేబులు ఇస్తారు. అటెండరు గది చూపిస్తాడు. ఆ గది తలుపు మూసికొన్న తరువాత లోపల ఏమి జరుగుతున్నదో అడిగేవారు ఉండరు. పరీక్షల ఫలితాలు వచ్చినప్పుడు మాత్రం అందరూ అడుగుతారు. అప్పటికి ఒక సంవత్సరం గడచిపోయి ఉంటుంది. ఆ సంవత్సరం అధ్యాపకునిది మాత్రమే కాదు. అతని ఎదుట కూర్చున్న పిల్లలది కూడా. అధ్యాపకునికి మరుసటి సంవత్సరం మరల వస్తుంది; ఆ పిల్లలకు రాదు.

శ్రీకాకుళం జిల్లా ఉత్తరభాగాన్నే తీసుకొందాము. హౌరా నుండి చెన్నైకి పోయే రైలుమార్గం వెంబడి ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి పట్టణాలు ఉన్నవి. అన్నిటిలోను కళాశాలలు ఉన్నవి. ఒకప్పుడు ఈ జిల్లా పిల్లలు డిగ్రీ చదువు కొరకు విజయనగరమో విశాఖపట్టణమో పోవలసివచ్చేది. నేడు చదువు ఇంటి ముంగిటికి వచ్చినది. 2008లో ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత జిల్లాకు తనదైన విశ్వవిద్యాలయం కూడా కలిగినది. సంతోషమే. కాని ఈ కళాశాలలలో చేరే అధ్యాపకులలో అనేకులు ఇతర జిల్లాలవారు. ఉదయపు రైలుకు వచ్చి సాయంత్రపు రైలుకు పోయేవారు ఉన్నారు. ఇది వారి నేరమని నేను అనడం లేదు. ఊరు కొత్త, మాట తీరు కొత్త, అద్దె ఇల్లు దొరకడం కష్టం, బదిలీ ఎప్పుడు వస్తుందో తెలియదు. పలకరించే పెద్ద ఒకరు లేనప్పుడు మనిషికి రైలుబండే సొంత ఇల్లు అవుతుంది.

ఇక వారి ఎదుట కూర్చుండే విద్యార్థులు ఎట్టివారు? పెక్కుమంది తమ వంశంలో మొదటిసారి కళాశాల గడప త్రొక్కినవారు. తల్లి జీడిపప్పు కార్ఖానాలో పనిచేస్తూ ఉండవచ్చును. తండ్రి వేటకో, దూరదేశంలో కూలికో పోయి ఉండవచ్చును. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానులో కొబ్బరితోటలు, జీడితోటలు నేలకూలి, ఏళ్ళ తరబడి పెంచిన జీవనాధారం ఒక్క రాత్రిలో పోయిన కుటుంబాల పిల్లలు వారిలో ఉన్నారు. అన్నిటికి మించి, ఉద్దానాన్ని దశాబ్దాలుగా పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధి ఉన్నది. దాని మూలకారణం శాస్త్రజ్ఞులకు నేటికిని నిశ్చయంగా చిక్కలేదు. సోంపేట, పలాస, టెక్కలి మొదలైన చోట్ల డయాలసిస్ కేంద్రాలు వెలసినవి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రమూ ఆసుపత్రీ ప్రారంభమైనవి.

ఈ వ్యాధికిని మన విషయానికిని సంబంధమేమి అని మీరు అడుగవచ్చును. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు పర్యాయాలు రోగిని ఆసుపత్రికి తీసుకొని పోవలెను. ఇంటిలో చదువుకొన్న పిల్లవాడే ఆ పనికి పోతాడు. తరగతిలో వారానికి రెండు మూడు దినాలు కనిపించని ఆ పిల్లవానిని కొత్త అధ్యాపకుడు సోమరి అనుకొంటాడు. హాజరు చాలలేదని పరీక్షకు పోనీయకుండా ఆపినా ఆపవచ్చును. అదే కళాశాలలో పది సంవత్సరాలుగా ఉన్న అధ్యాపకునికి మాత్రం ఆ పిల్లవాడు ఏ ఊరివాడో, ఏ రోజులలో ఎందుకు రాడో తెలుసును. ఈ ఒక్క మాట ఆయన కొత్తవాని చెవిన వేస్తే ఒక పిల్లవాని చదువు నిలుస్తుంది. వేయకపోతే పోతుంది. ఏ విశ్వవిద్యాలయపు పాఠ్యగ్రంథంలోను ఈ మాట వ్రాసి ఉండదు. పెద్దవారి నోటి నుండియే అది రావలెను.

భాష సంగతి మరొకటి. 2021-22 విద్యాసంవత్సరం నుండి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ తరగతుల బోధనను ఇంగ్లీషు మాధ్యమానికి మార్చినారు. పల్లెలో తెలుగులో చదివి వచ్చిన విద్యార్థి ఇంగ్లీషు ఉపన్యాసం విని తల ఊపుతాడు. ఆ తల ఊపడం అర్థమై ఊపినదో, మర్యాదకు ఊపినదో గ్రహించడానికి అనుభవం కావలెను. ముందుగా విషయాన్ని తేట తెలుగులో చెప్పి, ఉదాహరణ ఊరిలో నుండి తీసి, తరువాత శాస్త్రపదాన్ని ఇంగ్లీషులో పలకరింపజేసే నేర్పు గల అధ్యాపకులు ప్రతి కళాశాలలోను ఒకరిద్దరు ఉన్నారు. వారి తరగతిలో కొత్తవారు ఒక గంట వెనుక బల్లమీద కూర్చున్నట్లయితే నెలరోజుల తడబాటు తీరుతుంది. కాని ఒక అధ్యాపకుడు మరియొక అధ్యాపకుని తరగతిలో కూర్చుండడం మన కళాశాలలలో అమర్యాదగా చెల్లుతున్నది.

ఇది ఎల్లప్పుడును ఇట్లే ఉన్నదా? లేదు. ఈ ప్రాంతపు చరిత్రలోనే దీనికి చక్కని దృష్టాంతం ఉన్నది.

1863లో వంశధార ఒడ్డున, ముఖలింగానికి దగ్గరగా ఉన్న పర్వతాలపేటలో గిడుగు వేంకట రామమూర్తిగారు జన్మించినారు. విజయనగరంలో చదివేటప్పుడు గురజాడ అప్పారావుగారు ఆయన సహాధ్యాయి. 1880లో రామమూర్తిగారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరినారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా పై పరీక్షలు ప్యాసై, అక్కడి కళాశాలలో చరిత్ర చెప్పే స్థానానికి వచ్చినారు. ముఖలింగంలోని శాసనాలు చదవడానికి పుస్తకాలు తెప్పించుకొని, ప్రాచీన లిపులను స్వయంగా నేర్చుకొన్నారు. కొండలలోని సవరల భాష నేర్వదలచినప్పుడు వ్యాకరణమూ లేదు, నిఘంటువూ లేదు; సవరలనే గురువులుగా పెట్టుకొని నేర్చినారు. ఆ కృషి ఫలితంగా 1931లో సవర భాషా వ్యాకరణ గ్రంథమూ, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువూ వెలువడినవి. ఎంతటి పట్టుదల! అయితే దీనిలో మనం గమనించవలసినది మరొకటి ఉన్నది. పాతిక సంవత్సరాల పాటు ఆ చిన్న పట్టణంలో ఆయన చాలవరకు ఒంటరిగా పనిచేసినారు. అందరూ రామమూర్తులు కాలేరు. ఒంటరితనాన్ని ఓర్చి నిలిచినవారిని చూచి మనం మెచ్చుకొంటాము. ఓర్వలేక ఆరిపోయినవారి లెక్క మనకు తెలియదు.

1906 ప్రాంతంలో ఉత్తర సర్కారులకు యేట్స్ దొరగారు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చినారు. తెలుగు నేర్వదలచిన ఆయనకు జనులు మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో చెప్పే తెలుగు మరొకటి కావడం వింతగా తోచినది. ఆయన ఈ సందేహాన్ని విశాఖపట్టణంలో మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారి ముందు పెట్టినారు. అయ్యంగారు, ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలవారు ఇద్దరు ఉన్నారని, విజయనగరంలోని గురజాడవారిని, పర్లాకిమిడిలోని గిడుగువారిని చూపినారు. నలుగురూ కలసినారు. పాఠాలు ఎట్లు చెప్పవలెనన్న చర్చ సాగినది. బోధనా సంస్కరణ కొరకు సంఘం ఏర్పడినది. అందులోనుండి బయలుదేరిన వ్యావహారిక భాషోద్యమం తెలుగునాటి చదువునంతటిని మార్చివేసినది.

ఆ కథను మనం భాషోద్యమ చరిత్రగా చెప్పుకొంటాము. అధ్యాపకుల కథగా కూడా చెప్పుకొనవచ్చును. నలుగురిలో పరీక్షాధికారి ఒకరు, ప్రిన్సిపాలు ఒకరు, అధ్యాపకవృత్తి ఎరిగినవారు ఇద్దరు. అధికారి తప్పులు పట్టడానికి కాక తనకు తెలియనిది అడగడానికి వచ్చినారు. ప్రిన్సిపాలు తనకే అంతా తెలుసునని అనక మరొక కళాశాలవారిని చూపినారు. ఆ ఇద్దరిలో ఒకరికి మరొకరు బాల్యమిత్రులు. ఇద్దరి ఊళ్ళు వేరు. ఆనాడు పర్లాకిమిడి నుండి రైలులో విశాఖపట్టణం పోవలెనంటే 1900లో వేసిన చిన్న రైలులో టెక్కలి సమీపాన ఉన్న నౌపడాకు వచ్చి పెద్దరైలు ఎక్కవలసి ఉండేది. అంత దూరాలలో ఉండి కూడా వారు ఒకరికొకరు తోడైనారు. గిడుగువారు తమ ఊరిలో పొందలేని తోడు విజయనగరంలోను విశాఖపట్టణంలోను దొరికినది. ఒక కళాశాల గోడల మధ్య దొరకని పెద్దదిక్కు మరొక కళాశాలలో దొరకవచ్చునన్నది దీనివలన మనం నేర్వవలసిన మొదటి పాఠం.

గురజాడవారి జీవితంలో మరొక సంగతి ఉన్నది. బీద విద్యార్థిగా ఆయన విజయనగరం వచ్చినప్పుడు కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖరశాస్త్రిగారు తిండికిని వసతికిని ఆధారం చూపినారు. ఆ విద్యార్థియే తరువాత అక్కడనే అధ్యాపకుడైనాడు. ఆదరణ పొందినవాడు ఆదరించడం నేర్చుకొంటాడు. ఆచారం అనేది ఆ విధంగా ఏర్పడుతుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడినది. 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు దానికి ఉపాధ్యక్షులు. భౌతికశాస్త్రంలో సూరి భగవంతంగారు, రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రిగారు వంటి యువకులు ఆ కాలంలో వాల్తేరు వచ్చి చేరినారు. భగవంతంగారు కలకత్తాలో సి.వి. రామన్‌గారి వద్ద పనిచేసి వచ్చినవారు; శేషాద్రిగారు మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ వద్ద పరిశోధన చేసినవారు. గొప్పవారి ప్రక్కన నిలిచి పని నేర్చినందువలన, వారు తమ శిష్యులను కూడా ప్రక్కన నిలుపుకొని నేర్పినారు.

ఇక ప్రభుత్వం వారు దీనిని గుర్తించలేదా అంటే, గుర్తించినారు. 1964-66 సంవత్సరాలలో పనిచేసిన కొఠారీ కమిషన్ ఈ విషయంలో స్పష్టంగా సలహా ఇచ్చినది: కొత్తగా చేరిన లెక్చరరుకు సంస్థకు అలవాటు పడడానికి కొంత వ్యవధి ఇవ్వవలెను, మంచి అధ్యాపకుల ఉపన్యాసాలు వినడానికి అతనిని ప్రోత్సహించవలెను, కొత్తవారికి విశ్వవిద్యాలయాలు పరిచయ తరగతులు నడపవలెను. 1986 నాటి జాతీయ విద్యావిధానం తరువాత అధ్యాపకుల శిక్షణకు అకడమిక్ స్టాఫ్ కళాశాలలు వెలసినవి. 2019లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 'పరామర్శ్' అనే పథకం పెట్టి, గుర్తింపు పొందిన పెద్ద కళాశాల చిన్న కళాశాలలకు చేయూత నివ్వవలెనన్నది. 2023లో మాలవీయ మిషన్ పేరుతో అధ్యాపక శిక్షణను మరల సవరించినారు.

ఇవన్నియు మంచివే. కాని శిక్షణ తరగతి నెలరోజులకు ముగుస్తుంది. కొత్త అధ్యాపకుడు సర్టిఫికెట్టుతో తిరిగి వచ్చి, మరల ఆ మూసిన తలుపు వెనుకకే పోతాడు. 'పరామర్శ' అన్న మాటకు తెలుగులో గల అర్థం గమనించండి. కష్టంలో ఉన్నవారి ఇంటికి పోయి, కుశలం అడిగి, కొంతసేపు కూర్చుండి రావడమే పరామర్శ. పథకం ఢిల్లీ నుండి రావచ్చును. పరామర్శ మాత్రం ప్రక్క గదిలో నుండే రావలెను.

మరి ఏమి చేయవలెను? నాకు తోచిన కొన్ని మాటలు మనవి చేస్తాను.

కొత్తగా చేరిన ప్రతి అధ్యాపకునికి ఇద్దరు పెద్దలు కావలెను. ఒకరు ఆ కళాశాలలోనివారే. శాఖ వేరైనను ఫరవాలేదు. ఊరి సంగతులు, పిల్లల సంగతులు, ఆఫీసు కాగితాల సంగతులు ఆయన చెబుతారు. రెండవవారు అదే శాస్త్రం చెప్పేవారు. చిన్న కళాశాలలో ఒక్కొక్క శాఖకు ఒక్కరే అధ్యాపకుడు ఉండడం సామాన్యం. పలాసలో వృక్షశాస్త్రం చెప్పే ఒంటరి అధ్యాపకునికి టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో ఉన్న వృక్షశాస్త్రాధ్యాపకుడు తోడు కావచ్చును. నెలకు ఒక్క దినం రైలుమార్గం మీది కళాశాలల అధ్యాపకులు శాఖలవారీగా ఒకచోట కూడినట్లయితే, తక్కిన దినాలకు టెలిఫోను చాలును.

మొదటి మూడు నెలలలో కొత్తవారు పెద్దవారి తరగతిలో కొన్ని గంటలు కూర్చుండవలెను. పెద్దవారు కూడా కొత్తవారి తరగతిలో కూర్చుండవలెను. ముందు పెద్దవారి తరగతి తలుపు తెరచుకొనవలెను. అప్పుడు కొత్తవారికి జంకు ఉండదు. జవాబుపత్రాలు దిద్దడం, ప్రశ్నపత్రం కూర్చడం, విద్యార్థులను గ్రామాలకు సేవాకార్యక్రమాలకు తీసుకొని పోయినప్పుడు నీటి సంగతి, రోగాల సంగతి ఇంటింట ఎంత మర్యాదగా అడుగవలెనన్నది - ఇవి ప్రక్కన ఉండి చూపితేనే వచ్చే పనులు.

ఈ పెద్దదిక్కు పై అధికారి కాకూడదు. వార్షిక నివేదిక వ్రాసే చేతికి మనసులోని సందేహం ఎవరూ అందివ్వరు. 'ఈ అధ్యాయం నాకే సరిగా తెలియదు' అని కొత్తవాడు ధైర్యంగా చెప్పగలిగిన చోటనే సహాయం ఆరంభమవుతుంది. ఆ మాట స్టాఫురూములో పరిహాసం కాకూడదు. ప్రిన్సిపాలుగారి చెవికి చేరకూడదు.

దీనిలో ప్రమాదం కూడా ఉన్నది, దాచవలసిన పని లేదు. పెద్దరికం పెత్తనంగా మారడం మనకు తెలియనిది కాదు. కొత్తవానిచేత తన తరగతులు చెప్పించుకోవడం, తన జవాబుపత్రాలు దిద్దించుకోవడం, అతని పరిశోధన వ్యాసంపై తన పేరు వేయించుకోవడం సహాయం అనిపించుకోవు. అందువలన ఈ జతను సంవత్సరానికి ఒకసారి మార్చుకొనే వీలు ఉండవలెను. కారణం చెప్పనక్కరలేకుండా ఉండవలెను. పెద్దవారికి కూడా దీని కొరకు వారానికి ఒకటి రెండు గంటలు టైంటేబులులో విడిచిపెట్టవలెను. గంటలు ఇవ్వకుండా గౌరవం మాత్రం ఇచ్చి చేయించుకొనే పని ఎక్కువకాలం నిలువదు.

మరి ఇద్దరిని మరువకూడదు. ఒకరు స్త్రీ అధ్యాపకులు. చీకటిపడే వేళకు రైలు అందుకొనవలసిన ఆమెకు, బాలింతగా తిరిగి విధులలో చేరిన ఆమెకు, ఆ కష్టం ఎరిగిన మరొక స్త్రీ సలహా కావలెను. తమ కళాశాలలో అట్టివారు లేకున్న పొరుగు కళాశాలలో వెదకవలెను. రెండవవారు కాంట్రాక్టు అధ్యాపకులు, అతిథి అధ్యాపకులు. వచ్చే సంవత్సరం ఉంటారో లేదో తెలియనివారికి ఎందుకీ శ్రమ అని అనరాదు. వారు ఉన్నన్నాళ్ళు పాఠం చెప్పేది మన పిల్లలకే కదా. పైగా, నేడు ఇక్కడ అతిథిగా ఉన్నవాడు రేపు మరియొక కళాశాలలో స్థిరపడి, తాను పొందిన ఆదరణను అక్కడ పంచుతాడు.

శ్రోతలలో పదవీ విరమణ చేసిన అధ్యాపకులు చాలమంది ఉంటారు. వారికి ఒక మనవి. మీ ఊరిలో కళాశాల ఉన్నట్లయితే ఒకసారి పోయి, కొత్తగా వచ్చినవారు ఎవరని అడగండి. ముప్పది సంవత్సరాల అనుభవం ఇంటి అరుగుమీద ఊరక కూర్చుండకూడదు. రామమూర్తిగారు 1911లో ఉద్యోగం విరమించిన తరువాతనే భాషోద్యమ భారమంతా భుజాన వేసుకొన్నారు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ ఊరి కళాశాలకు దూరం నుండి ఒక యువకుడో యువతియో వచ్చి ఉండవచ్చును. వారికి అద్దెకు ఇల్లు ఇవ్వడంలో, పండుగనాడు భోజనానికి పిలవడంలో, ఊరి సంగతులు రెండు చెప్పడంలో మీ చేయి కూడా ఉన్నది. ఇల్లు దొరికినవారు సాయంత్రపు రైలుకు తొందరపడరు. తొందర లేని అధ్యాపకుడు గంట కొట్టిన తరువాత కూడా మరికొంతసేపు ఉంటాడు. తండ్రిని ఆసుపత్రికి తీసుకొనిపోయినందువలన ఉదయం తరగతికి రాలేకపోయిన పిల్లవానికి పాఠం అందేది ఆ కొంతసేపులోనే.